మా వంటింటి మడతబందు

వంటింట్లో గోడ అలమర తలుపు ఊడి వేలాడుతూ ఉంటే మీరేం చేస్తారు? వడ్రంగిని పిలిపిస్తారు. లేదంటే అది బాగయ్యేదాకా ఇంటాయన మీద పూటకోసారి విసుక్కుంటారు. ఈ రెండింటిలో ఏదీ చెయ్యలేక నేను దాదాపు రెండు నెలలపాటు ఆ తలుపును ఎడమచేత్తో ఎత్తిపట్టి, కుడిచేత్తో కందిపప్పు డబ్బా తీసుకుంటూ గడిపాను. అలా ఎందుకు గడపాల్సి వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను 35 ఏళ్ళు కాపురం చేసిన ఊరు ఆవర్‌పూర్. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, కోర్పనా తాలూకా. పటంలో ఆదిలాబాద్ మీద వేలు పెట్టి, పెన్‌గంగ దాటించి కొంచెం తూర్పుకు జరిపితే దొరుకుతుంది. నేలలో సున్నపురాయి ఉంది గనుక 1983లో ఇక్కడ సిమెంటు కర్మాగారం మొదలైంది. దాని వెంటే కాలనీ, కాలనీ వెంటే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. తెలుగువాళ్ళం మాత్రం మరీ పరాయి చోటికి వచ్చామని చెప్పడానికి లేదు. ఈ రాజురా ప్రాంతమంతా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలు మారాయి గానీ సంతలో బేరాలు మారలేదు. కూరలమ్మే అమ్మి మరాఠీలో ధర చెప్పి, తెలుగులో తగ్గించేది!

మా వారిది బెల్లంపల్లి. మాది తెనాలి. మా నాన్నగారు రైల్వే ఉద్యోగంలో కాజీపేటలో ఉండగా కుదిరిన సంబంధం. 1989లో నేను కొత్త పెళ్ళికూతురుగా ఆవర్‌పూర్ వచ్చేసరికి ఆయన మెకానికల్ విభాగంలో ఫిట్టరు. పెళ్ళయిన నెలలోనే మాకు మొదటి భాషాయుద్ధం జరిగింది. ఓ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూనే "ట్రంకుపెట్టె కబ్జా పోయింది, రేపు కొత్తది తేవాలె" అన్నారు. నా గుండె గుభేలుమంది. నా చీరలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి మరి! "ఎవరండీ కబ్జా చేసిందీ?" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, మూత వెనక ఊడిన ఇనపరేకు చూపించారు. "ఓస్, మడతబందా!" అన్నాను నేను. "మడతబందా! అదేం పేరు?" అన్నారాయన. మర్నాడు గడ్‌చాందూర్ బజారులో ఇనుపసామాన్ల కొట్టుకెళ్ళి, గెలుపు నాదే కావాలని నేనే ముందుగా "మడతబందు" అడిగాను. కొట్టాయన తెల్లమొహం వేశాడు. మా వారు నవ్వుతూ "కబ్జా" అన్నారు. "అస్సా సాంగా నా, బిజాగరీ!" అన్నాడు కొట్టాయన. అలా చెప్పొచ్చుగా అని ఆయన బాధ. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ వస్తువుకు మూడు పేర్లు. పిల్లలు పుట్టాక వాళ్ళు నాలుగోది తెచ్చారు, హింజ్ అని.

మా ఆయన చేతుల గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ చేతులు బాగుచెయ్యని వస్తువు మా వీధిలో లేదు. పక్కింటివాళ్ళ మిక్సీ, ఎదురింటి పిల్లవాడి సైకిలు, గణపతి మండపంలో తిరగని చక్రం, ఏదైనా సరే. ఆదివారం పూట మా గుమ్మం ఆసుపత్రి బయటి వరండాలా ఉండేది. ఆయనకొక ఆకుపచ్చ ఇనపపెట్టె ఉంది. అందులో స్క్రూడ్రైవర్లు పొడుగు వరసలో, పానాలు నంబరు వరసలో ఉంటాయి. నా పోపులపెట్టె కన్నా ఆ పెట్టె శుభ్రంగా ఉండేదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

వంటింటి అలమర 1996లో మేము సొంత ఖర్చుతో చేయించుకున్నది. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన ఓ వడ్రంగి మా వరండాలో వారం రోజులు కూర్చుని చేశాడు. చట్రం టేకు, తలుపులు ప్లైవుడ్, పైన లేత పసుపు సన్‌మైకా. టేకుకు మా జిల్లాలో లోటేముంది? బల్లార్షా కలప డిపో పేరు విననివారుండరు. అయితే తలుపులు కూడా టేకుతో చేయిద్దామంటే మా జీతం ఒప్పుకోలేదు. ఆ ప్లైవుడ్డే తర్వాత ఈ కథకు కారణమైంది. పూర్తి కారణం అది కాదు, నేను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

2021 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆయన కాఫీ గ్లాసు అందుకోబోయారు. గ్లాసు జారింది. కింద పడిన గ్లాసు వంక చూశారు గానీ చెయ్యి కదల్లేదు. నోరు తెరిచారు. మాట రాలేదు. చంద్రపూర్ చేరేసరికి గంట దాటింది. మెదడుకు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది అన్నారు డాక్టర్లు. మెదడు ఎడమవైపు దెబ్బతింటే శరీరం కుడివైపు పడిపోతుందనీ, చాలామందికి మాట ఉండేది కూడా ఆ ఎడమవైపేననీ నాకు ఆ రోజే తెలిసింది. ఒక్క గడ్డ ఆయన దగ్గరున్న రెండు ఆస్తుల్నీ ఒకేసారి పట్టుకుపోయింది.

నాలుగు నెలలకు నడక వచ్చింది. కాలు కొంచెం ఈడుస్తారు, అంతే. ఆఫీసులో కూర్చుని చేసే తేలిక పని ఇచ్చారు. కుడి చెయ్యి భుజం దాకా లేచేది కానీ వేళ్ళు బిగిసేవి కావు. మాట సంగతి మరీ చిత్రం. అన్నీ అర్థమవుతాయి. ఎదురుగా ఉన్నదేమిటో తెలుసు. పేరు మాత్రం రాదు. "అది... అదే... అది" అంటారు. నీళ్ళు కావాలంటే చెయ్యి చూపిస్తారు. ఒక్కోసారి తెలుగు మాట బదులు మరాఠీది వస్తుంది, మరాఠీది కావాలంటే హిందీది వస్తుంది. నాలుగు భాషలు వచ్చినవాళ్ళకు నాలుగూ ఒకే వరసలో తిరిగి రావక్కర్లేదట. మాట్లాడించే వ్యాయామాలు చేయించిన అమ్మాయి చెప్పింది.

నేను ఊరుకుంటానా? బొమ్మల అట్టలు కొన్నాను. పొద్దున్న కాఫీ కాగానే మొదలు. "ఇదేమిటండీ? చెప్పండి. గొ... గొ..." గొడుగు. "ఇది? క... క..." కత్తెర. మధ్యాహ్నం ఇంకోసారి, రాత్రి అన్నాలయ్యాక ఇంకోసారి. చేతికి రబ్బరు బంతి, గుప్పెడు శనగలు ఏరడం. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆయన బాగుకోసమే కదా అనుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన తెలిసిన మాటలు చెప్పడం కూడా మానేశారు. అట్ట చూపిస్తే కిటికీ వైపు తిరిగేవారు. మొండితనం అనుకుని నేను ఇంకా గట్టిగా పట్టాను.

ఇక తలుపు సంగతి. 2020 లాక్‌డౌన్‌లో, అందరిలాగే నాకూ వంటిల్లు సర్దే పిచ్చి పట్టింది. ఆ అలమర తలుపు లోపలివైపు ఒక తీగల స్టాండు తగిలించి, నూనె సీసా, పసుపు, కారం, ధనియాలపొడి, ఊరగాయ సీసాలు రెండు అందులో పెట్టాను. "తలుపు మీద బరువు పెట్టకు" అని ఆయన అప్పుడే చెప్పారు. చేతికి అందుబాటుగా ఉంటుందని నేను వినలేదు. రెండేళ్ళు నిలబడి, 2022 దీపావళి పిండివంటల మధ్యలో పై బందు ఊడింది. తలుపు ఒక మూల కిందికి జారి, పక్క తలుపు మీదికి ఒరిగింది.

ఆయన వచ్చి చూశారు. ఎడమచేత్తో తలుపును ఒకసారి ఎత్తి వదిలారు. "రేపు" అన్నారు.

ఆ రేపు రాలేదు. నేను అడగలేదు. అడిగితే "నీ వల్ల కాదుగా" అన్నట్టవుతుందేమోనని భయం. పక్కింటి వహిని ఒకరోజు చూసి, "సుతార్‌ను పంపించనా?" అంది. అరగంట పని, నూటయాభై రూపాయలు. ఆయన ముందు గదిలోనే ఉన్నారు, విన్నారు. వద్దులే వహినీ అన్నాను. పూణే నుంచి అబ్బాయి ఫోనులో "అమ్మా, ఎవరినైనా పిలిపించు, తలుపు నీ తల మీద పడేదాకా ఆగుతావా?" అని కేకలేశాడు. వాడు చెప్పింది నిజమే. కానీ ఊరంతటి సామాన్లూ బాగుచేసిన మనిషి ఇంట్లోకి, ఆయన కళ్ళ ముందు, నాలుగు మరలు బిగించడానికి ఇంకో మనిషిని ఎలా పిలవను?

డిసెంబరులో ధనుర్మాసం మొదలైంది. పొంగలి కోసం నాలుగింటికే లేవడం నాకు అలవాటు. ఒక రాత్రి అంతకన్నా ముందే మెలకువ వచ్చింది. పక్కన ఆయన లేరు. వంటింట్లో దీపం. వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన స్టూలు మీద కూర్చుని, కుడి భుజంతో తలుపును ఎత్తిపట్టి, ఎడమచేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతున్నారు. మర తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. జారి కింద పడింది. వంగి వెతికారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. అంత చలిలో కూడా ఆయన మెడ మీద చెమట. నేలమీద ఇంకో మూడు మరలు, పక్కన ఆ ఆకుపచ్చ పెట్టె, అందులో వరసలన్నీ చెదిరిపోయి.

నేను వెనక్కి వచ్చి పడుకున్నాను. కాసేపటికి ఆయన వచ్చి పడుకున్నారు. ఇద్దరం నిద్ర నటించాం.

తెల్లవారాక పొంగలి ప్రసాదం చేతికిస్తూ అన్నాను: "ఏమండీ, రేపు మీరు డ్యూటీలో ఉన్నప్పుడు కింద బందు కూడా ఊడితే నేనేం చెయ్యాలి? నాకు నేర్పండి. మీరు చెప్పండి, నేను చేస్తాను." ఆయన చాలాసేపు నన్ను చూశారు. తర్వాత "పెట్టె" అన్నారు.

ఆ ఆదివారం శస్త్రచికిత్స మొదలైంది. ముందు స్టాండు తీయించారు. తలుపు కింద ఊతం పెట్టమని సైగ చేశారు. బియ్యం డబ్బా పెట్టాను, కొంచెం తక్కువైంది. దాని మీద మన పత్రిక పాత సంచికలు పేర్చాను. సంపాదకులు మన్నించాలి, ఎనిమిది సంచికలతో ఎత్తు సరిగ్గా సరిపోయింది!

"పైది... లాగుతది. కిందిది... నొక్కుతది" అన్నారు ఆయన. నాకు అర్థం కాలేదు. ఎడమచేత్తో తలుపు పై మూల చూపించి బయటికి లాగినట్టు, కింది మూల చూపించి లోపలికి నెట్టినట్టు చేశారు. తలుపు బరువంతా పై బందును చట్రం నుంచి ఊడబెరకాలని చూస్తుంది. కింది బందును చట్రానికేసి నొక్కుతుంది. అందుకే ఎప్పుడూ ముందు పైదే ఊడుతుంది. సీసాల బరువు బందుకు ఎంత దూరాన వేలాడితే ఆ లాగుడు అంత ఎక్కువ. ముప్పై మూడేళ్ళ కాపురంలో తలుపు గురించి ఇంత ఎప్పుడూ ఆలోచించలేదు.

మరలు తీయమన్నారు. గిన్నెలో వెయ్యమన్నారు. తలుపు అంచున ఉన్న రంధ్రాల్లోకి టార్చి వేసి చూడమన్నారు. చూస్తే అవి రంధ్రాల్లా లేవు, ఎలుక కొరికినట్టున్నాయి. చట్రం వైపు టేకులో మరలు పాతికేళ్ళయినా బిగువుగానే ఉన్నాయి. ప్లైవుడ్ పొరలు పొరలుగా అంటించిన చెక్క కదా, దాని అంచులోకి మర దించితే పొరల మధ్యే దారి చేసుకుంటుంది. బరువు పడేకొద్దీ పొరలు విడిపోతాయి. అప్పుడు మరను ఎంత తిప్పినా అది గాలిలోనే తిరుగుతుంది.

"అయితే ఇంకా పెద్ద మర వేద్దాం, గట్టిగా బిగిద్దాం" అన్నాను.

"అట్ల గాదు" అన్నారు. మాట కోసం వెతుక్కున్నారు. నాకు అలవాటైన పంతులమ్మ బుద్ధి లేచింది, అందించబోయాను. కానీ చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో రెండు మరలు! మాట్లాడే వీలు లేదు. ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే అన్నారు: "బొక్క... నింపాలె."

అగ్గిపుల్లల తలలు గిల్లేసి, ఫెవికాల్‌లో ముంచి, రంధ్రంలో పట్టినన్ని కుక్కాలి. ఆరాక పైకి వచ్చిన ముక్కలు కోసేసి మర వెయ్యాలి. ఇంతే సూత్రం. మరకు కొరకడానికి కొత్త చెక్క దొరుకుతుంది. నేను చకచకా కుక్కేశాను. "రేపు" అన్నారు ఆయన. ఈ రేపు బద్ధకానిది కాదు, ఫెవికాల్‌ది. అందులో ఉన్న నీరు ఇగిరితే గానీ అది పట్టదు, ఒక రాత్రి పడుతుంది. నేను ఆగలేదు. పైన పొడిగానే ఉంది కదా అని గంటకే మరలు దించి, బిగించి, ముచ్చటపడి సీసాల స్టాండు కూడా తగిలించేశాను.

సాయంత్రం ఏడింటికి పెద్ద చప్పుడు. పసుపు సీసా పగిలి వంటిల్లంతా పెళ్ళివారిల్లులా అయింది. నేను తలుపు పట్టుకుని పసుపు మొహంతో నిలబడ్డాను. ఆయన గుమ్మంలోకి వచ్చి చూసి నవ్వారు. మూతి కొంచెం పక్కకు పోతుంది ఆయన నవ్వితే. పదహారు నెలల తర్వాత ఆయన కడుపారా నవ్వడం అదే మొదలు. పగిలిన సీసా దిష్టి తీసినట్టే అనుకున్నాను.

రెండోసారి ఆయన తొందరపడనివ్వలేదు. తలుపును పూర్తిగా ఊడదీసి భోజనాల బల్ల మీద పడుకోబెట్టించారు. అగ్గిపుల్లల గుజ్జంతా గీకించారు. ఇప్పుడు రంధ్రాలు ఇంకా పెద్దవయ్యాయి, పుల్లలు చాలవు. గట్టి కర్రతో బిరడాలు చెయ్యాలి. చుట్టూ చూశారు. వంటింటి సొరుగులో నా పాత పప్పుగుత్తి ఉంది. మా అమ్మ కాపురానికి పంపుతూ ఇచ్చిన సామాన్లలోది. తల చీలిపోయి మూడేళ్ళయినా పారెయ్యలేక దాచాను. దాని కాడ తీసి, ఎడమ బొటనవేలితో నిమిరి చూసి, "మంచిగుంది. ఇస్తావా?" అన్నారు. ఇంత పొడుగు వాక్యం, అదీ నా వస్తువు నన్నే అడుగుతూ! ఎలా కాదంటాను?

కాడను కత్తితో చెక్కడం నా పని, చాలో లేదో చూడటం ఆయన పని. చిటికెనవేలి కన్నా సన్నగా, చివర కొంచెం కోసుగా మూడు బిరడాలు. తలుపు అంచున రంధ్రాలను బర్మాతో గుండ్రంగా సరిచేశాను. బిరడాలకు ఫెవికాల్ పూసి, సుత్తితో నెమ్మదిగా దింపాను. విడిపోయిన ప్లైవుడ్ పొరల మధ్య కూడా ఫెవికాల్ పోసి, రెండువైపులా అట్టముక్కలు పెట్టి క్లాంపుతో నొక్కిపెట్టాం. ఆ పని మధ్యలో ఆయన నోట ఒక్కొక్కటే వస్తున్నాయి: సుత్తి. బర్మా. ఆకురాయి. "ఆ... ఆ పట్కర్ ఇయ్యి." నేనెప్పుడూ అట్టల మీద చూపించని మాటలు. నేను అడగని మాటలు.

ఆ రాత్రి, మర్నాడు పగలంతా తలుపు బల్ల మీదే ఉంది. మేము నేలమీద కూర్చుని అన్నం తిన్నాం. చెయ్యి ఊరుకోక నేను మధ్యాహ్నం క్లాంపు వదులు చెయ్యబోతే, ఆయన ఆఫీసు నుంచి ఫోను చేసి మరీ "ముట్టుకోకు" అన్నారు. ఆయన తనంత తాను నాకు ఫోను చేసి మాట్లాడటం, జబ్బు చేశాక, అదే మొదటిసారి.

సాయంత్రం బిరడాలను అంచుతో సమంగా కోసి, ఆకురాయి పెట్టాను. మర వెయ్యబోయే చోట సన్నని మేకుతో చిన్న గుంట చేయించారు. మర దారి తప్పకుండా ఉండటానికీ, చెక్క చీలకుండా ఉండటానికీ. మర మొనను సబ్బు మీద రుద్దించారు, సులువుగా దిగుతుందని. తలుపును మళ్ళీ పత్రికల మీదికెక్కించి, ఒక్కో బందుకు ముందు ఒక్కో మరే వేసి, మూసి తెరిచి చూడమన్నారు. పక్క తలుపుకు కొంచెం రాసుకుంటోంది. బందు రేకు వెనక మడిచిన పోస్టుకార్డు ముక్క పెట్టించారు. సరిపోయింది. ఇక మిగిలిన మరలు.

రెండోది దిగుతోంది. పట్టు దొరికింది. నాకు ఉత్సాహం ఆగలేదు. ఇంకో తిప్పు, ఇంకో తిప్పు...

"ఆగు" అన్నారు గట్టిగా. "పట్టినంక... తిప్పొద్దు. తిప్పితే... మల్ల వదులైతది."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన మర గురించే అన్నారు. మనసులో ఏదో పెట్టుకుని మాట్లాడే మనిషి కాదు ఆయన. కానీ నాకు ఆ బొమ్మల అట్టలన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, రాత్రి ఓసారి. గొ... గొ... గొడుగు. దిగిన మాటను కూడా ఇంకా తిప్పి, ఇంకా తిప్పి, ఉన్న పట్టు పోగొట్టినదాన్ని నేనే కదా. వదులైన చోట నిండడానికి ఏదో ఒకటి కావాలి, అది ఆరడానికి వ్యవధి కావాలి. నేను ఆ రెండూ ఇవ్వకుండా బిగించడమే బాగుచెయ్యడం అనుకున్నాను.

స్క్రూడ్రైవరు ఆయన ఎడమచేతిలో పెట్టాను. "చివరిది మీరు వెయ్యండి" అన్నాను. ఎడమచేత్తో మర బిగించడం మనం అనుకున్నంత తేలిక కాదు. మరలన్నీ కుడిచేతి వాటానికి చేసినవే. కుడి ముంజేయి బయటివైపు తిరిగేటప్పుడు బలం ఎక్కువ, ఆ వైపే మర బిగుస్తుంది. ఎడమచేతికి అదే లోపలివైపు తిప్పడం అవుతుంది. ఆయన ముప్పావు తిప్పు, చెయ్యి మార్పు, మళ్ళీ ముప్పావు తిప్పు. నేను మర తల దగ్గర వేలితో పట్టుకున్నాను. ఆయన కుడి చెయ్యి తలుపు అంచు మీద ఆనించి ఉంది. ఎంత సేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. పట్టు దొరకగానే ఆయనే ఆపారు.

తలుపు మూశారు. తెరిచారు. మళ్ళీ మూశారు. కిర్రుమనలేదు. "మడతబందు" అన్నారు నా వంక చూసి. కబ్జా కాదు, బిజాగరీ కాదు, మడతబందు! 1989లో ఓడిపోయిన నా మాటను ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆ రాత్రి బొమ్మల అట్టలు కట్టగట్టి అటకెక్కించాను. వ్యాయామాలు మానలేదు సుమా, అవి డాక్టర్లు చెప్పినవి, చెయ్యాల్సినవే. చంద్రపూర్‌లో చూపించుకోవడమూ మానలేదు. మార్చిందల్లా ఇంట్లో నా పరీక్షలు మానెయ్యడమే. బదులుగా ఇద్దరం పనులు పెట్టుకున్నాం. ఓ ఆదివారం కుళాయి వాషరు, ఓ ఆదివారం కుక్కరు పిడి. ఆయన చెబుతారు, నేను చేస్తాను. చేస్తూ ఉంటే మాట కావాల్సి వస్తుంది, కావాల్సినప్పుడు చాలాసార్లు వస్తుంది. రానప్పుడు నేను నోట్లో మరలున్నట్టే ఊరుకుంటాను. పక్కింటి వహిని నా చేతిలో పానా చూసి మొదట నవ్వింది, తర్వాత తన ఇస్త్రీపెట్టె తెచ్చింది.

2023 మార్చిలో బల్లార్షా నుంచి అయోధ్య రామమందిరం కోసం టేకు కలప ఊరేగింపుగా బయల్దేరింది. టీవీలో ఇద్దరం చూశాం. ఆ మందిరం తలుపులు చేసే పని హైదరాబాద్‌లోని ఒక కలప సంస్థకు దక్కిందని విన్నాక ఆయన ఆనందం చెప్పలేను. చంద్రపూర్ కర్ర, హైదరాబాద్ సంస్థ. "తలుపు మంచిదే... బందు గట్టిది పెట్టాలె" అన్నారు. ఎంత పెద్ద తలుపైనా ఆయనకు ముందు కనిపించేది బందే.

2024లో ఆయన పదవీ విరమణ చేశారు. క్వార్టరు ఖాళీ చేసి గడ్‌చాందూర్‌లో చిన్న ఇంట్లోకి మారాం. పిల్లలు పూణే రమ్మంటారు, హైదరాబాద్ రమ్మంటారు. వస్తాంలే అంటున్నాం. ఇక్కడ మాకు మూడు భాషల్లో పలకరించేవాళ్ళున్నారు. ఆయనకు ఏ భాషలో మాట వస్తే ఆ భాషలో వినేవాళ్ళు దొరుకుతారు. ఇంతకన్నా వైద్యం ఏ ఊళ్ళో ఉంటుంది?

అలమరను గోడ నుంచి పీకితే పాడవుతుందని క్వార్టర్లోనే వదిలి వచ్చాం. తర్వాత వచ్చినవాళ్ళు కొత్తగా పెళ్ళయిన జంట. తాళాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయికి పాలు, పొయ్యి సంగతులు చెబుతుంటే, ఆయన కాలు ఈడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళి ఆ తలుపు తెరిచి చూపించారు. ఆ అమ్మాయి ఏ భాష అమ్మాయో అడగనే లేదు.

"బరువు పెట్టొద్దు, బేటా" అన్నారు.

ఆ అమ్మాయి తలూపింది. తీగల స్టాండు మాత్రం నేను మాతోనే తెచ్చేశాను.